పెద్ద బ్యాంకులో వర్చువల్ ఇంటర్న్‌షిప్: విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక పెద్ద అంతర్జాతీయ బ్యాంకులో వేసవి ఇంటర్న్‌షిప్‌ను మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు ఇంటి నుంచే చేశాను. అప్పటి నుంచి జూనియర్లు, స్నేహితులు, అప్పుడప్పుడు వాళ్ల తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్నలను, నేను చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట పెట్టాను. బ్యాంకు పేరు రాయడం లేదు. ఎందుకో చదువుతూ వెళితే తెలుస్తుంది.

ఇంటర్నెట్‌లో ఉచితంగా చేసే బ్యాంకు కార్యక్రమాలు కూడా వర్చువల్ ఇంటర్న్‌షిప్‌లేనా?

కావు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల చాలామంది నిరాశపడుతున్నారు.

ఫోరేజ్ లాంటి వేదికల్లో పెద్ద బ్యాంకులు పెట్టేవి నమూనా అభ్యాసాలు. ఎవరైనా చేరవచ్చు. ఎంపిక ఉండదు, జీతం ఉండదు, పైన మేనేజరు ఉండరు. కొన్ని గంటల్లో పూర్తవుతుంది. మీ జవాబు పంపాక ఒక మాదిరి జవాబు చూపిస్తారు, చివర ధ్రువపత్రం ఇస్తారు. వీటిని తక్కువ చేయడం లేదు. నేను దరఖాస్తు చేసే ముందు ఇలాంటివే చేసి ఏ విభాగం నాకు నచ్చుతుందో తెలుసుకున్నాను. జేపీ మోర్గాన్ సాఫ్ట్‌వేర్ అభ్యాసం చూడండి: రెండు షేర్ల ధరలు వరుసగా వస్తుంటాయి. వాటి నిష్పత్తిని పైథాన్‌లో లెక్కగట్టి, ఆ బ్యాంకే తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ‘పర్‌స్పెక్టివ్’ అనే ఉపకరణంతో గ్రాఫ్ గీయాలి. నిష్పత్తి మామూలు హద్దు దాటితే ట్రేడరుకు హెచ్చరిక కనిపించాలి. ట్రేడింగ్ గది దగ్గరి ప్రోగ్రామర్లు ఎలాంటి సమస్యలతో కుస్తీ పడతారో అందులో కొంత అర్థమవుతుంది.

అసలైన వర్చువల్ ఇంటర్న్‌షిప్ వేరు. ఎంపిక జరుగుతుంది, ఒప్పందం మీద సంతకం చేస్తారు, సాధారణంగా వేతనం ఉంటుంది, ఒక బృందంలో చోటు, ఒక మేనేజరు, చివర మదింపు ఉంటాయి. ఆఫీసుకు వెళ్లడం ఒక్కటే ఉండదు. 2020 వేసవిలో కోవిడ్ వల్ల పెద్ద బ్యాంకులు చాలావరకు తమ ఇంటర్న్‌షిప్‌లను ఇలా ఇళ్లకు మార్చాయి, కొన్ని వ్యవధిని కూడా కుదించాయి. తర్వాత ఎక్కువ బ్యాంకులు ఆఫీసు బాట పట్టినా ఈ పద్ధతి పూర్తిగా పోలేదు.

మీకు ఏ విభాగంలో చోటు దొరికింది? ఏం పని ఇచ్చారు?

రికన్సిలియేషన్ విభాగంలో. సూటిగా చెప్పాలంటే పద్దులు సరిచూసే పని. ఈ మాట వినగానే చాలామంది ముఖాలు చిన్నబోతాయి. ట్రేడింగ్, విలీనాలు, కొనుగోళ్ల ఒప్పందాలు అంటే ఉండే ఆకర్షణ దీనికి లేదు. కానీ బ్యాంకు ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని నా నమ్మకం.

ఒక బ్యాంకు పరాయి దేశపు కరెన్సీలో చెల్లింపులు చేయాలంటే ఆ దేశంలోని మరో బ్యాంకులో ఖాతా ఉంచుకుంటుంది. దాన్ని నోస్ట్రో ఖాతా అంటారు. ఆ ఖాతాలో ఎంత ఉండాలో మన పుస్తకాల్లో ఒక లెక్క ఉంటుంది. ఎంత ఉందో అవతలి బ్యాంకు పంపే స్టేట్‌మెంట్‌లో మరో లెక్క ఉంటుంది. ఈ స్టేట్‌మెంట్లు ఎక్కువగా బ్యాంకుల మధ్య నడిచే స్విఫ్ట్ అనే వ్యవస్థ సందేశాలుగా వస్తాయి. స్విఫ్ట్ డబ్బు పంపుతుందని నేనూ అనుకునేవాళ్లలో ఒకరిని. అది పంపేది సందేశాలను మాత్రమే, డబ్బు మారేది ఖాతాల్లో. రెండు లెక్కలనూ కంప్యూటర్ వరుసల వారీగా జతపరుస్తుంది. జత కుదరని వరుసను ‘బ్రేక్’ అంటారు. ప్రతి బ్రేక్‌కూ ఎవరో ఒకరు కారణం కనిపెట్టాలి.

నాకు అప్పగించింది పాత బ్రేకుల జాబితా. వాటిని కారణాల వారీగా, వయసు వారీగా విడదీసి, ఏది ముందు చూడాలో చెప్పే డాష్‌బోర్డు తయారుచేయాలి. ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, కొంచెం పైథాన్ సరిపోయాయి. కష్టం కోడ్‌లో లేదు, కారణాల్లో ఉంది. ఒకే చెల్లింపు రెండుసార్లు నమోదై ఉండవచ్చు. మధ్యలోని బ్యాంకు తన రుసుము మినహాయించుకోవడం వల్ల మొత్తం కొద్దిగా తగ్గి ఉండవచ్చు. రిఫరెన్స్ సంఖ్యలో ఒక అక్షరం పోయి ఉండవచ్చు. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది సమయ భేదం: ఇక్కడ పని ముగిసే గడియ దాటిపోయింది, అక్కడ ఇంకా తెల్లవారలేదు, పద్దు మరుసటి రోజు తేదీతో పడింది.

సమయ భేదాలు వాటంతట అవే సర్దుకుంటాయి కదా, వాటిని జాబితా అడుగుకు నెట్టవచ్చా అని అడిగాను. మేనేజరు అవునని గాని కాదని గాని అనకుండా, హెర్‌స్టాట్ గురించి చదివి రమ్మన్నారు. 1974 జూన్ 26న జర్మనీ నియంత్రణాధికారులు కొలోన్ నగరంలోని హెర్‌స్టాట్ బ్యాంకును మూసేశారు. అప్పటికే ఎన్నో బ్యాంకులు దానికి అప్పటి జర్మనీ కరెన్సీ అయిన మార్కులు చెల్లించేశాయి, బదులుగా న్యూయార్క్‌లో రావలసిన డాలర్లు ఇంకా రాలేదు. జర్మనీలో పని వేళ ముగిసింది, న్యూయార్క్‌లో అప్పుడే ఉదయం. ఆ కొన్ని గంటల తేడాలో డబ్బు చిక్కుకుపోయింది. బ్యాంకుల పర్యవేక్షణకు అంతర్జాతీయంగా ప్రమాణాలు రూపొందించే బాసెల్ కమిటీ ఏర్పడింది ఆ ఏడాది చివరే. విదేశీ మారకంలో రెండు వైపుల చెల్లింపులనూ ఒకేసారి జరిపించే సీఎల్‌ఎస్ అనే వ్యవస్థ 2002లో పని ప్రారంభించింది. అది చదివాక సమయ భేదం అన్న గడిని నా డాష్‌బోర్డులో అడుగుకు నెట్టలేదు. అందులోనే ఎంత మొత్తం, ఏ బ్యాంకుతో, ఎన్ని రోజులుగా అన్న వివరాలు కలిపాను.

ఫైనాన్స్ చదవని వాళ్లకు చోటు ఉంటుందా?

తప్పకుండా ఉంటుంది. పెద్ద బ్యాంకుల్లో టెక్నాలజీ, డేటా, రిస్క్, ఆపరేషన్స్, మానవ వనరుల విభాగాలు ఎంతో పెద్దవి. నాతో పాటు చేరిన వారిలో గణితం, ఇంజనీరింగ్, ఆర్థికశాస్త్రం చదివేవారితో పాటు సాహిత్యం చదివే విద్యార్థి కూడా ఉన్నారు. అయితే డెబిట్, క్రెడిట్ ఏమిటో, బ్యాలెన్స్ షీటులో రుణం ఆస్తి వైపు, డిపాజిట్ అప్పు వైపు ఎందుకుంటాయో తెలుసుకుని వెళ్లండి. మనకు ఆస్తిగా కనిపించే డిపాజిట్ బ్యాంకుకు తీర్చవలసిన బాకీ. ఈ ఒక్క సంగతి వంటబడితే మిగతావి అక్కడే నేర్చుకోవచ్చు.

ఎంపిక ఎలా జరుగుతుంది?

ఆన్‌లైన్ దరఖాస్తు, ఒక పరీక్ష, ఆ తర్వాత రికార్డు చేసే వీడియో ఇంటర్వ్యూ, చివరగా మనుషులతో ఇంటర్వ్యూ. బ్యాంకును బట్టి వరుస మారుతుంది.

రికార్డు చేసే ఇంటర్వ్యూనే చాలామందిని కంగారుపెడుతుంది. తెర మీద ప్రశ్న వస్తుంది, ఆలోచించుకోవడానికి కొద్ది సెకన్లు, జవాబు చెప్పడానికి ఒకటి రెండు నిమిషాలు. ఎదుట తల ఊపేవారు ఉండరు. దీనికి సాధన ఒక్కటే దారి: ఫోనులో మీరే ప్రశ్న పెట్టుకుని జవాబు రికార్డు చేయండి, విని చూడండి. బట్టీ పట్టిన జవాబు రికార్డింగులో వెంటనే తెలిసిపోతుంది. ‘ఈ బ్యాంకే ఎందుకు?’ అన్న ప్రశ్నకు బ్యాంకు వెబ్‌సైటులోని మాటలను తిరిగి చెప్పకండి. వార్షిక నివేదికలో ఒక అంశం చదివి, దాని గురించి మీకు కలిగిన నిజమైన సందేహం చెప్పండి. అలా చెప్పేవారు తక్కువ, అందుకే గుర్తుండిపోతారు.

చేరే ముందు అన్ని పత్రాలు ఎందుకు అడుగుతారు?

గుర్తింపు, చదువు, పాత ఉద్యోగాలు సరిచూస్తారు. మీకు, మీ దగ్గరి కుటుంబ సభ్యులకు షేర్ల ఖాతాలు ఉన్నాయా అని కూడా అడగవచ్చు. కంపెనీల గురించి బయటికి రాని సమాచారం బ్యాంకులో ఉంటుంది కాబట్టి ఉద్యోగుల షేర్ల లావాదేవీలపై ఆంక్షలు ఉంటాయి. ఇంటర్న్ అయినా అంతే. ఈ పత్రాలు ఆలస్యమైతే చేరే తేదీ వెనక్కి జరుగుతుంది, కాబట్టి అడిగిన రోజే పంపండి.

బ్యాంకు లాప్‌టాప్‌తో ఏం చేయకూడదు?

బ్యాంకు ఇచ్చిన యంత్రం నుంచే, బ్యాంకు నెట్‌వర్క్‌లోకి రెండంచెల ధ్రువీకరణతో ప్రవేశించి పని చేయాలి. ఫైళ్లను సొంత మెయిల్‌కు పంపకూడదు, తెరను ఫోనుతో ఫొటో తీయకూడదు, పెన్‌డ్రైవ్ వాడకూడదు, బ్యాంకు అనుమతించని కృత్రిమ మేధ సాధనాల్లో కోడ్ గాని డేటా గాని అతికించకూడదు. ఇంట్లో వాళ్లు తెర చూడకుండా కూర్చోవాలి. మొదట్లో ఇది అతిగా అనిపించవచ్చు. తెర మీద ఉన్నది మరొకరి డబ్బు వివరం అని గుర్తుంటే అలా అనిపించదు.

విడిగా చెప్పవలసింది వాట్సాప్ గురించి. ఇంటర్న్‌లందరూ ఒక గ్రూపు పెట్టుకుంటారు, అది సహజం. అందులో పని విషయం ఒక్క ముక్క కూడా రాయకండి. బ్యాంకు సంభాషణలను నియంత్రణ సంస్థల కోసం భద్రపరచాలి. సొంత ఫోను సందేశాలు అలా భద్రం కావు. ఉద్యోగులు ఇలా సొంత ఫోన్లలో పని మాటలు మాట్లాడుకున్నందుకు 2021 డిసెంబరులో జేపీ మోర్గాన్ సంస్థలు అమెరికా నియంత్రణ సంస్థలకు మొత్తం 20 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. తర్వాతి ఏడాది మరెన్నో సంస్థలకు ఇదే కారణంతో జరిమానాలు పడ్డాయి.

రోజు ఎలా గడుస్తుంది?

ఉదయం బృందం చిన్న సమావేశం, తర్వాత సొంత పని, మధ్యలో శిక్షణ తరగతులు, వారానికోసారి మేనేజరుతో విడిగా మాటలు. మొదటి వారం శిక్షణతోనే పోతుంది, దానికి తోడు ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌కు అనుమతి కోసం ఎదురుచూపు. ఆ ఖాళీలో బృందం రాసి పెట్టుకున్న పాత పత్రాలు చదవండి. ఎవరూ చదవమని చెప్పరు, కానీ నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది అదే.

మేనేజరు ఎదురుగా లేనప్పుడు సందేహాలు ఎలా అడగాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఆఫీసులో కొత్తవారు చూసి నేర్చుకుంటారు. పక్క కుర్చీలోని మనిషి ఫోనులో ఎలా మాట్లాడుతున్నారు, ఏ ఫైలు ముందు తెరుస్తున్నారు, ఎక్కడ నొసలు చిట్లిస్తున్నారు అన్నవి కంట్లో పడుతూ ఉంటాయి. మనం తంటాలు పడుతుంటే పక్కవారికీ తెలుస్తుంది. ఇంటి నుంచి చేసే ఇంటర్న్‌షిప్‌లో ఈ రెండూ లేవు. మీరు రోజంతా కష్టపడినా, రోజంతా నిద్రపోయినా అవతలి వాళ్లకు ఒకే తీరుగా కనిపిస్తుంది. మీరు రాసి పంపిందే వాళ్లకు కనిపించే మీ పని. కాబట్టి సందేహం రాయడం కూడా పనిలో భాగమే, బహుశా అన్నిటికన్నా ముఖ్యమైన భాగం.

‘అర్థం కాలేదు, సాయం చేయగలరా?’ అని రాస్తే చదివిన వారికి ఏం చేయాలో తోచదు. నేను నాలుగు సంగతులు రాయడం అలవాటు చేసుకున్నాను: ఏం సాధించాలని చూస్తున్నాను, ఏం చేసి చూశాను, ఏం కనిపించింది, నా అంచనా ఏమిటి. ఉదాహరణకు: ‘రుసుము వల్ల వచ్చిన బ్రేకులను వేరు చేస్తున్నాను. తేడా చిన్న మొత్తంగా ఉన్న వరుసలను తీసుకున్నాను. వాటిలో కొన్నిటికి రుసుము వివరం లేదు. ఇవి మారకపు రేటు సవరణలని నా అంచనా, సరైనదేనా?’ ఇలా అడిగితే అవతలివారు సమావేశాల మధ్య దొరికిన ఒక నిమిషంలోనే ‘సరైనదే’ అనో, ‘కాదు, ఫలానా పట్టిక చూడు’ అనో చెప్పగలరు. మరో లాభం కూడా ఉంది: ఇలా రాయడానికి కూర్చున్నప్పుడే సగం సందేహాలు తీరిపోతాయి.

ఎంతసేపు సొంతంగా ప్రయత్నించాలి అని కూడా అడుగుతుంటారు. అరగంటగా ఒక్క కొత్త విషయమైనా తెలియకపోతే అడిగేయడం మంచిది. పూట గడిచేదాకా ఆగితే అది పట్టుదల కాదు, మొహమాటం. మనలో చాలామంది పెద్దవారిని విసిగిస్తామేమోనని వెనకాడతాం. నా అనుభవంలో వాళ్లను ఇబ్బంది పెట్టేది ప్రశ్న కాదు, మౌనం.

ప్రశ్నను వీలైనంతవరకు బృందం ఛానెల్‌లోనే అడగండి. జవాబు నలుగురికీ ఉపయోగపడుతుంది. తెలిసినది పంచుకోవడానికి ముందుకొచ్చే వారెవరో కూడా మీకు తెలుస్తుంది.

కెమెరా ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలా?

చిన్న సమావేశాల్లో ఉంచండి, వందల మంది ఉండే తరగతుల్లో అక్కర్లేదు. ఇంట్లో వీలు కుదరకపోతే ముందే మేనేజరుకు ఒక మాట చెబితే సరిపోతుంది.

పై అధికారులతో పరిచయం ఇంటి నుంచి సాధ్యమేనా? దానివల్ల లాభం ఉంటుందా?

సాధ్యమే, లాభం కూడా ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు 2020 వేసవిలో ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థ వర్చువల్ ఇంటర్న్‌షిప్‌లో ప్రయోగం చేశారు. కొందరు ఇంటర్న్‌లకు సీనియర్ మేనేజర్లతో పని ఒత్తిడి లేని చిన్న ఆన్‌లైన్ ముచ్చట్లు ఏర్పాటు చేశారు. అలా మాట్లాడిన వారికి మదింపులో మెరుగైన మార్కులు వచ్చాయి, ఉద్యోగం అందుకునే అవకాశమూ పెరిగింది.

ఆఫీసులో లిఫ్టు దగ్గరో, కాఫీ యంత్రం దగ్గరో దానంతట అది జరిగే పరిచయాన్ని ఇంటి నుంచి మనమే కల్పించుకోవాలి. నేను మొదట నాకన్నా రెండు మూడేళ్ల ముందు చేరిన వాళ్లకు రాశాను, ఆ తర్వాతే పైవారికి. పావుగంట సమయం అడిగాను, ఎందుకు మాట్లాడాలనుకుంటున్నానో ఒక వాక్యంలో చెప్పాను. కొందరు జవాబివ్వలేదు. దాన్ని మనసుకు తీసుకోనక్కర్లేదు. మాట్లాడినప్పుడు ఉద్యోగం ఊసెత్తకండి. ‘మీ పనిలో బయటివారికి అర్థంకానిది ఏమిటి?’ అని అడిగి చూడండి, ఎంత పెద్ద అధికారి అయినా ఉత్సాహంగా చెబుతారు.

ఒంటరిగా అనిపించదా?

అనిపిస్తుంది. దాచి లాభం లేదు. సాయంత్రం లాప్‌టాప్ మూశాక అదే గదిలో, అదే కుర్చీలో మిగిలిపోవడం కష్టమే. నాకు ఉపయోగపడినది తోటి ఇంటర్న్‌లిద్దరితో కాల్ కలుపుకుని, మాట్లాడకుండా ఎవరి పని వారు చేసుకోవడం. పని ముగిశాక బయటికి నడిచి రావడం కూడా.

బ్యాంకు గురించి బయటి నుంచి తెలియనిది ఏం తెలిసింది?

బ్యాంకులో ఎంత మంది పని ‘సరిచూడటం’ అన్నది. మూడు రక్షణ వరుసలు అంటారు: వ్యాపారం చేసే విభాగాలే తమ రిస్కుకు మొదటి కాపలా, రిస్క్ విభాగం, నిబంధనలు పాటిస్తున్నారా అని చూసే కాంప్లయన్స్ విభాగం రెండోది, అంతర్గత ఆడిట్ మూడోది. పైగా ఒకరు నమోదు చేసిన దాన్ని మరొకరే ఆమోదించాలన్న నియమం. శిక్షణలో దీన్ని విన్నప్పుడు నిదానపు వ్యవహారంగా తోచింది. బేరింగ్స్ కథతో ఆ అభిప్రాయం మారిపోయింది. 1762లో పుట్టిన ఆ బ్రిటిష్ బ్యాంకు 1995లో కుప్పకూలింది. సింగపూర్‌లో నిక్ లీసన్ అనే ఒకే వ్యక్తి చేతిలో ట్రేడింగూ, ఆ ట్రేడింగును నమోదుచేసి సరిచూసే పనీ రెండూ ఉండేవి. నష్టాలను 88888 అనే ఖాతాలో దాచారు. చివరికి తేలిన నష్టం 82.7 కోట్ల పౌండ్లు. బ్యాంకును ఒక్క పౌండుకు నెదర్లాండ్స్ సంస్థ ఐఎన్‌జీ కొనుక్కుంది. పద్దులు సరిచూసే వారు విడిగా ఉండి ఉంటే ఆ ఖాతా అన్నాళ్లు దాగేది కాదు. నా విభాగం మీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే.

చివరి ప్రజెంటేషన్‌లో ఏం చూస్తారు?

కోడ్ ఎంత గొప్పగా ఉందో కాదు. సమస్య ఏమిటి, ఎవరికి ఇబ్బంది, మీరు చేసిన దానివల్ల ఏం మారింది, మీరు వెళ్లిపోయాక దాన్ని ఎవరు ఎలా వాడతారు అన్నవి. స్లైడ్లు తక్కువ ఉండాలి. డాష్‌బోర్డును చూపిస్తుంటే నెట్ ఆగిపోవచ్చు కాబట్టి దాని చిత్రాలను స్లైడ్లలో ముందే పెట్టుకోండి. డాష్‌బోర్డు వాడుక గురించి రెండు పేజీల పత్రం రాసి బృందానికి అందించాను. ప్రజెంటేషన్ కన్నా దాని గురించే ఎక్కువమంది అడిగారు.

ఉద్యోగం ఖాయమా?

ఎక్కడా ఖాయం కాదు. బ్యాంకులు ఇంటర్న్‌షిప్‌ను పొడవైన ఇంటర్వ్యూగానే చూస్తాయి, కానీ ఖాళీలు, ఆ ఏడాది మార్కెట్ పరిస్థితి మన చేతిలో ఉండవు. మధ్యలో ఒకసారి జరిగే మదింపులో ‘నేను ఎక్కడ మెరుగుపడాలి?’ అని నేరుగా అడగండి. చివరి వారంలో అడిగితే సరిదిద్దుకునే సమయం మిగలదు.

రెజ్యూమేలో ఎలా రాయాలి?

నమూనా అభ్యాసం చేసినవారు దాన్ని అలాగే పేర్కొనాలి. ఆ బ్యాంకులో ఇంటర్న్‌గా పనిచేశానని రాస్తే అది అబద్ధం అవుతుంది, నేపథ్య పరిశీలనలో బయటపడుతుంది కూడా. అసలైన ఇంటర్న్‌షిప్ చేసినవారు బ్యాంకు పేరు, హోదా రాసుకోవచ్చు, కానీ లోపలి అంకెలు, ఖాతాదారుల పేర్లు, వ్యవస్థల పేర్లు రాయకూడదు. ఇక్కడ నేను బ్యాంకు పేరు రాయకపోవడం కూడా ఇందుకే: పని గురించి ఇంత వివరంగా చెప్పినప్పుడు పేరు చెప్పకపోవడమే సబబు.

మోసపు ప్రకటనలను ఎలా గుర్తుపట్టాలి?

రిజిస్ట్రేషన్ రుసుము, శిక్షణ రుసుము, లాప్‌టాప్ డిపాజిట్ అంటూ ఏ రూపంలో డబ్బు అడిగినా అక్కడే ఆగిపోండి. నిజమైన బ్యాంకు ఇంటర్న్ దగ్గర డబ్బు తీసుకోదు. ఎంపిక లేఖ ఉచిత మెయిల్ ఖాతా నుంచి వచ్చినా, ఇంటర్వ్యూ మొత్తం చాట్‌లోనే ముగిసినా, మీ ఖాతా ద్వారా డబ్బు తెప్పించి మరొకరికి పంపమన్నా అది మోసమే. ఆఖరుది చేస్తే తెలియకుండానే అక్రమ ధనం తరలించిన వారవుతారు. దరఖాస్తును బ్యాంకు సొంత కెరీర్స్ పేజీ నుంచే పంపండి.

ఆఫీసుకు వెళ్లే అవకాశం కూడా ఉంటే ఏది ఎంచుకోవాలి?

ఇంటి దగ్గర బాధ్యతలో, ఆరోగ్య కారణాలో, దూరమో అడ్డం లేకపోతే ఆఫీసే ఎంచుకోండి. తొలి ఉద్యోగంలో పక్కన మనుషులుండటానికి సాటి లేదు. కానీ ఆఫీసు అవకాశం లేదని వర్చువల్‌ను వదులుకోకండి. పెద్ద నగరంలో గది అద్దెకు తీసుకోలేని విద్యార్థికి, చక్రాల కుర్చీలో ఉన్న విద్యార్థికి, ఇంట్లో ఎవరినో చూసుకోవలసిన విద్యార్థికి ఈ తలుపు తెరుచుకోవడం చిన్న విషయం కాదు. అలాంటి వారు నా బృందంలోనే ఉన్నారు, వారి పని ఎవరికీ తీసిపోలేదు.

ముగిసే ముందు ఏం చేసుకోవాలి?

చివరి రోజు సాయంత్రానికి మెయిల్‌తో సహా అన్ని అనుమతులూ ఆగిపోతాయి. అంతకుముందే మేనేజరును, సాయపడిన మరో ఇద్దరిని లింక్డ్‌ఇన్‌లో కలపండి, అవసరమైనప్పుడు సిఫారసు ఇస్తారా అని అడగండి. అనుభవ ధ్రువపత్రం ఎవరు పంపుతారో, ఏ చిరునామాకు వస్తుందో తెలుసుకోండి. లాప్‌టాప్‌ను వాళ్లు పంపిన పెట్టెలోనే సర్ది, కొరియర్ రసీదును ఫొటో తీసి ఉంచుకోండి. అది చేరినట్టు బ్యాంకు నుంచి మెయిల్ వచ్చేదాకా ఆ రసీదును పారేయకండి.